అపర్చర్: ఇంట్లోవాళ్ళ ఫొటోలు తీసుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త కెమెరా చేతికొచ్చిన మొదటి నెల అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే. అడిగేది మా చెల్లెలైనా, పై అంతస్తు అంకులైనా ప్రశ్నలు మారవు. నేను స్టూడియో మనిషిని కాను. ఇద్దరు పిల్లల తల్లిని, పదేళ్ళుగా మా ఇంటి బారసాలలూ పుట్టినరోజులూ పండగలూ నేనే తీస్తున్నాను. అందుకని ఇక్కడి లెక్కలన్నీ మామూలు ఇళ్ళల్లో ఉండే సరంజామాకే: ఏపీఎస్-సీ అనే చిన్నరకం సెన్సర్ (బొమ్మ పడే పలక) ఉన్న చిన్న కెమెరా, దాంతోపాటు పెట్టెలో వచ్చిన 18-55 లెన్సు, ఎవరి దగ్గరైనా ఉంటే ఒక 50 ఎంఎం ఎఫ్/1.8.

అసలు అపర్చర్ అంటే ఏమిటి? ఎక్కడుంటుంది?

లెన్సు లోపల వెలుతురు దూరే కంత. పలచని రేకులు ఒకదాని మీదికొకటి జరుగుతూ ఆ కంతను పెద్దదీ చిన్నదీ చేస్తుంటాయి. ఇది చదివేకంటే చూస్తే త్వరగా బుర్రకెక్కుతుంది. కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, షట్టర్ స్పీడ్ (వెలుతురిని లోపలికి రానిచ్చే సమయం) 2 సెకన్లు, అపర్చర్ ఎఫ్/16 చేయండి. లెన్సు మీదున్న స్విచ్చిని ఎంఎఫ్ (మాన్యువల్ ఫోకస్) వైపు జరపండి, లేకపోతే ఫోకస్ దొరకలేదని మొరాయిస్తుంది. ఇప్పుడు కెమెరాను మీవైపు తిప్పుకుని, లెన్సులోకి చూస్తూ బటన్ నొక్కండి. రేకులు టక్కున ముడుచుకుని, మధ్యలో చిన్న కంత మిగులుతుంది. రెండు సెకన్లయ్యాక మళ్ళీ విచ్చుకుంటాయి.

50 ఎంఎం లెన్సులో ఎఫ్/1.8 దగ్గర ఆ కంత ఎదురుగా చూస్తే దాదాపు 28 మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల బిళ్ళంత. ఎఫ్/8 దగ్గర ఆరు మిల్లీమీటర్లు, ఎండు బఠాణీ అంత. ఎఫ్/16 దగ్గర మూడు, పెసరగింజంత. ఈ కంత మారితే రెండు మారతాయి: లోపలికొచ్చే వెలుతురు ఒకటి, ముందు నుంచి వెనక్కి ఎంత లోతు వరకు బొమ్మ స్పష్టంగా ఉంటుందన్నది రెండోది. ఆ రెండోదాన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. నేను ఇక్కడ "లోతు" అనేస్తాను.

నంబరు పెరిగితే కంత చిన్నదవడం ఏమిటి? తిరగేసి పెట్టారా?

తిరగేయలేదు, అది భాగహారం. ఎఫ్ అంటే లెన్సు ఫోకల్ లెంగ్త్, లెన్సు మీద రాసి ఉండే ఎంఎం అంకె. 50ని 2తో భాగిస్తే 25 మిల్లీమీటర్ల కంత, 16తో భాగిస్తే మూడు మిల్లీమీటర్ల చిల్లర. నాలుగు రెండుకంటే పెద్దదని పావుకిలో వంకాయలు అరకిలోకంటే ఎక్కువని ఎవరూ అనరు కదా. ఎఫ్ కింద ఉండే అంకె కూడా అలాంటిదే. మా చెల్లెలికి ఈ ఒక్క ముక్కతోనే తేలిపోయింది, అంతకుముందు ఆరు నెలలు తికమక పడింది.

1.4, 2, 2.8, 4, 5.6, 8... ఈ వింత అంకెలు ఎవరు పెట్టారు?

గుండ్రటి కంత వైశాల్యం రెట్టింపు కావాలంటే వ్యాసం రెట్టింపు చేయక్కర్లేదు, 1.414 రెట్లు చేస్తే చాలు. అందుకే ఒక్కో మెట్టూ ముందుదాన్ని 1.4తో గుణించినట్టు ఉంటుంది: 1, 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. ఒక మెట్టు పైకెళితే వెలుతురు సగమవుతుంది, కిందికొస్తే రెట్టింపు. బట్టీ పట్టాలనుకుంటే ఒకటి విడిచి ఒకటి చూడండి. 1, 2, 4, 8, 16 ఒక వరస; 1.4, 2.8, 5.6, 11, 22 ఇంకో వరస. మీ డయల్ తిప్పితే మధ్యలో 3.2, 3.5, 4.5, 6.3 లాంటివి కూడా వస్తాయి. అవి మెట్టులో మూడో వంతులు, వాటి జోలికి ఇప్పుడు వెళ్ళక్కర్లేదు.

ఆటోలో ఉంటే అన్నీ అదే చూసుకుంటుంది కదా. డయల్ ఎక్కడికి తిప్పాలి?

కానన్‌లో ఏవీ (Av), నికాన్, సోనీల్లో ఏ (A) అనే గుర్తుకి. ఆకుపచ్చ రంగులో ఉన్నది మాత్రం ఆటో, దాన్ని చూసి పొరబడకండి. ఈ మోడ్‌లో అపర్చర్ మీరు చెబుతారు, షట్టర్ స్పీడ్ అది లెక్కేసుకుంటుంది. ఐఎస్ఓని, అంటే వెలుతురికి సెన్సర్ ఎంతగా స్పందించాలన్నదాన్ని, ఆటోలో ఉంచి, మెనూలో కనిష్ఠ షట్టర్ స్పీడ్ 1/125 అని పెట్టే వీలుంటే పెట్టేయండి. మొదటి ఏడాదంతా ఈ మోడ్ చాలు. పూర్తి మాన్యువల్ నేర్చుకున్నాకే ఫొటోగ్రాఫర్ అనిపించుకుంటారని కొందరు అంటారు. పిల్లాడు కేకు మీద ఉమ్మేసే క్షణంలో డయల్స్ తిప్పుతూ కూర్చుంటే ఆ ఫొటో రాదు, అంతే.

మా కెమెరాతో వచ్చిన లెన్సులో బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అవ్వట్లేదు. కెమెరా మంచిది కాదా?

కెమెరా తప్పేమీ లేదు. లెన్సు మూతి చుట్టూ 3.5-5.6 అని రాసి ఉంటుంది చూడండి. 18 దగ్గర ఎఫ్/3.5 దాకా తెరుచుకుంటుంది, 55కి జూమ్ చేస్తే ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. మీరు 3.5 పెట్టినా జూమ్ తిప్పగానే అదే పైకెక్కేస్తుంది, చెడిపోయిందని కంగారు పడకండి.

ఇక్కడే అందరూ ఒక పొరపాటు చేస్తారు. 3.5 చిన్న నంబరు కాబట్టి బ్లర్ దాంట్లోనే ఎక్కువ అనుకుని 18 దగ్గరే తీస్తారు. లెక్క వేసి చూడండి. 18ని 3.5తో భాగిస్తే కంత అయిదు మిల్లీమీటర్లు. 55ని 5.6తో భాగిస్తే దాదాపు పది. మనిషి ఫ్రేములో అంతే పెద్దగా కనిపించేలా నిలబడి తీస్తే, దూరంగా ఉన్న గోడనో చెట్టునో కరిగించేది అసలు కంత పరిమాణమే. కాబట్టి 55కి జూమ్ చేయండి, ఎఫ్/5.6 పెట్టండి, పాపకి దగ్గరగా వెళ్ళండి, పాపని గోడకి దూరంగా జరపండి. నాలుగింటిలో ఆఖరిది మనవాళ్ళు ఎప్పుడూ మరిచిపోతారు. పిల్లల్ని తలుపుకో బీరువాకో ఆనించి నిలబెట్టి, వెనక బ్లర్ రాలేదంటారు. మూడు నాలుగు మీటర్లు ముందుకు రమ్మనండి, ఆ లెన్సే వేరే లెన్సులా కనిపిస్తుంది.

50 ఎంఎం ఎఫ్/1.8 కొనమని అందరూ అంటున్నారు. నిజంగా అవసరమా?

ఇంట్లో తీసేవాళ్ళకి అవసరమే. కానీ అందరూ చెప్పే కారణానికి కాదు. అది బ్లర్ లెన్సు అని అమ్ముతారు, నేను మాత్రం వెలుతురు లెన్సు అంటాను. ట్యూబ్‌లైట్ వెలిగే మామూలు హాల్లో రాత్రి ఎనిమిదింటికి ఐఎస్ఓ 1600, ఎఫ్/1.8 పెడితే షట్టర్ స్పీడ్ 1/125 దరిదాపుల్లో వస్తుంది. కాస్త నిలకడగా కూర్చున్న పిల్లకి అది చాలు. అదే గదిలో ఎఫ్/5.6 పెడితే వెలుతురు దాదాపు పదో వంతుకి పడిపోయి 1/13 వస్తుంది. ఆ వేగానికి తాతయ్య నవ్వినా బొమ్మ అలికేసినట్టే.

ఒక ఇబ్బంది ముందే తెలుసుకోండి. చిన్న సెన్సర్ మీద 50 ఎంఎం అంటే 75 నుంచి 80 ఎంఎం చూపు. చిన్న గదిలో వెనక్కి వెళ్ళడానికి గోడ అడ్డొస్తుంది. మా వంటింట్లో నేను గ్యాస్ బండ పక్కన నక్కి తీస్తుంటాను.

1.8లో తీస్తే పాప ఒక కన్నే స్పష్టంగా వస్తోంది, రెండోది మసక. ఫోకస్ చెడిపోయిందా?

లెన్సు బాగానే ఉంది, లోతే సరిపోవడం లేదు. 50 ఎంఎం, ఎఫ్/1.8తో ఒక మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు రెండున్నర సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ. పాప మొహం పక్కకి తిప్పితే రెండు కళ్ళ మధ్య తేడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. రెండు మీటర్లకి వెళితే లోతు 11 సెంటీమీటర్లు. అక్కడి నుంచే ఎఫ్/4 పెడితే 24, ఎఫ్/8 పెడితే అర మీటరుకి దగ్గర.

నాకు ఈ లెక్క తెలియని రోజుల్లో మా పెద్దమ్మాయి అన్నప్రాశన జరిగింది. మా తమ్ముడు బంగారు ఉంగరంతో పరమాన్నం తీసి దాని నోటికి అందిస్తున్నాడు, మోకాళ్ళ మీద కూర్చుని నేను ఎఫ్/1.8లో పదిహేను ఫొటోలు నొక్కాను. కెమెరా దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంది. ఉంగరం మీది తెల్లరాళ్ళు లెక్కపెట్టొచ్చు, దానికంటుకున్న ఒక్క అన్నం మెతుకు మెరుస్తుంటుంది. వెనక తెరిచిన నోటితో మా అమ్మాయి మాత్రం పొగమంచులో ఉన్నట్టు. ఆ పదిహేనింటిలో ఒక్కటీ పనికిరాలేదు. ఫోకస్ పాయింట్ ఎంచుకునే పని కెమెరాకి వదిలేయడం ఒక తప్పు, ఎఫ్/4 పెట్టకపోవడం రెండోది. పట్టపగలు, కిటికీ పక్కన. వెలుతురికి కొదవే లేదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ఒక్క మొహం, మెడ వరకు: ఎఫ్/2.8. చేతులు కూడా ఏదో చేస్తుంటే, అంటే తినిపించడం, జడ వేయడం, బొట్టు పెట్టడం: ఎఫ్/4. ఫోకస్ పాయింట్ ఒక్కటే ఉంచి, కెమెరాకి దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టడం. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో కన్ను అదే వెతుక్కుంటుంది, ఆ సదుపాయం ఉంటే ఆన్ చేయండి. ఎఫ్/1.8 నేను వాడేది రాత్రి పూట, లేదా నిద్రపోతున్న పసిబిడ్డకి.

ఫొటో మసగ్గా ఉంది. అపర్చర్ వల్లా, చెయ్యి అదిరిందా? ఎలా కనుక్కోవాలి?

స్క్రీన్ మీద పెద్దది చేసి ఫొటో అంతా తిప్పి చూడండి. మొహం మసకగా ఉన్నా చెవిపోగో చొక్కా గుండీయో వెనక కుర్చీయో స్పష్టంగా ఉంటే ఫోకస్ పడాల్సిన చోట పడలేదు, లోతు చాలలేదు: నంబరు పెంచండి. ఎక్కడ చూసినా అన్నీ ఒకే వైపుకి సాగినట్టుంటే మీ చెయ్యి అదిరింది. గోడ మీది క్యాలెండర్ అంకెలు చదవగలుగుతున్నారు, పిల్లాడి చెయ్యి మాత్రం తోకలా సాగింది అంటే కదిలింది వాడే. చివరి రెండింటికీ మందు షట్టర్ స్పీడ్ పెంచడం, అంటే ఎఫ్ నంబరు తగ్గించడమో ఐఎస్ఓ పెంచడమో. చూశారా, ఒక జబ్బుకి పెంచమన్నది ఇంకో జబ్బుకి తగ్గించాలి. అందుకే ముందు రోగమేమిటో చూడమనేది.

గ్రూప్ ఫొటోకి ఎంత పెట్టాలి?

ఒక్క సమాధానం కావాలంటే ఎఫ్/5.6. ఎందుకో కూడా తెలిస్తే మంచిది.

18-55ని 35 దగ్గర పెట్టి, మూడున్నర మీటర్ల దూరంలో ఉన్న కుర్చీల వరసకి ఫోకస్ చేసి, ఎఫ్/5.6లో తీశారనుకోండి. 2.7 మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. అంటే ముందు వైపు ఎనభై సెంటీమీటర్లు, వెనక వైపు మీటరున్నర. పెద్దవాళ్ళు కుర్చీల్లో, వాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళు, ముందు నేల మీద పిల్లలు, మూడు వరసలూ అందులో పడతాయి. వెనక్కి లోతు ఎక్కువ దొరుకుతుంది కాబట్టి ఫోకస్ ఎప్పుడూ కుర్చీల వరసలో నడుమ ఉన్నవాళ్ళ మీద పెట్టండి. నిలబడ్డవాళ్ళ మీద కాదు.

అదే 50 ఎంఎం ఎఫ్/1.8తో సోఫాలో కూర్చున్న అమ్మమ్మ తాతయ్యల్ని రెండున్నర మీటర్ల నుంచి తీస్తే లోతు 17 సెంటీమీటర్లు. సోఫా వెనక వంగి నిలబడ్డ మనవలు ఎలాగూ మసకే. ఎఫ్/4కి వస్తే 38 సెంటీమీటర్లు, అదీ చాలదు. వెనకవాళ్ళు సోఫాని ఆనుకుని ముందుకి వంగాలి, ఎఫ్/5.6 అయినా ఉండాలి.

ఇంకోటి. మనవాళ్ళని ఫొటోకి నిలబడమంటే తమంతట తామే అర్ధచంద్రాకారంగా సర్దుకుంటారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ చివర్లలో ఉన్న ఇద్దరూ కెమెరాకి దగ్గరైపోయి మసకబారతారు. ఆ చివర నిలబడేది ఎప్పుడూ పెళ్ళైన కొత్త అల్లుడో కోడలో. రేపు ఫొటో చూసి మొహం మాడ్చుకునేది వాళ్ళే. తాడు గుంజినట్టు సూటిగా నిలబెట్టండి.

ఎండలో 1.8 పెడితే అంతా తెల్లగా వచ్చేస్తోంది.

ఎండ ఎక్కువై కెమెరా చేతులెత్తేసింది. పాత ఫిల్ము రోజుల్లో ఒక సూత్రం ఉండేది: మంచి ఎండలో ఎఫ్/16 పెట్టి, షట్టర్ స్పీడ్ ఐఎస్ఓ నంబరు కింద ఒకటి. అంటే ఐఎస్ఓ 100కి 1/100. అదే వెలుతురికి ఎఫ్/1.8 పెడితే దాదాపు 1/8000 కావాలి. చవక కెమెరాలు చాలావరకు 1/4000 దగ్గర ఆగిపోతాయి. ఎఫ్/2.8కి వచ్చేయండి, లేదా వేపచెట్టు నీడలోకి నడవండి. నీడ మేలు. మిట్ట మధ్యాహ్నం ఎండలో అందరూ కళ్ళు చికిలించుకునే ఉంటారు, దానికి ఏ అపర్చరూ విరుగుడు కాదు.

భోగిమంటకీ ఇదే చెప్పొచ్చా? అది వేరు. తెల్లవారుజామున మంట ఒక్కటే వెలుతురు, అక్కడ ఎఫ్/1.8 లేదా మీ లెన్సులో ఉన్న కనిష్ఠ నంబరే. మంట వెనక్కి కాకుండా మంట వెలుతురు మొహం మీద పడే వైపు నిలబడితే ఇంక ఏమీ చేయక్కర్లేదు.

పరిగెత్తే పిల్లల్ని తీయడం ఎలా?

ఇక్కడ అపర్చర్ నౌకరు, షట్టర్ స్పీడ్ యజమాని. 1/500 కావాలి. ఏవీ మోడ్‌లోనే ఉండి, బయట సాయంత్రం ఎఫ్/4 పెట్టి, ఐఎస్ఓని ఆ 1/500 వచ్చేదాకా పెంచండి. ఎఫ్/1.8 ఆశ పెడుతుంది కానీ మీవైపు పరిగెత్తుకొచ్చే పిల్లాడు ఆ నాలుగు వేళ్ళ లోతుని రెప్పపాటులో దాటేస్తాడు.

ఇంట్లో తీసినప్పుడు ఫొటోలో అడ్డంగా నల్లని చారలు పడుతున్నాయి.

కరెంటు వల్ల. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చౌకరకం ఎల్ఈడీలూ పాత చోకు ట్యూబ్‌లైట్లూ సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలీదు, షట్టర్‌కి తెలుస్తుంది. 1/100 లేదా 1/50 పెడితే చారలు పోతాయి. అంత నెమ్మది షట్టర్‌కి తగ్గట్టు ఎఫ్ నంబరుని కొంచెం పెంచుకునే వీలు కూడా దొరుకుతుంది.

అన్నీ స్పష్టంగా కావాలంటే ఏకంగా ఎఫ్/22 పెట్టేస్తే పోలేదా?

వద్దు. కంత మరీ చిన్నదైతే వెలుతురు దాని అంచుల దగ్గర చెదిరి, బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. చిన్న సెన్సర్ కెమెరాల్లో ఎఫ్/11 దాటాక ఇది మొదలవుతుంది. పైగా సెన్సర్ మీద దుమ్ము ఉంటే ఆకాశంలో నల్లమచ్చలుగా బయటపడుతుంది. గుడి ముందో గోదావరి గట్టు మీదో ఇంటిల్లిపాదినీ, వెనకున్నదాన్నీ కలిపి తీయాలంటే 18 ఎంఎం, ఎఫ్/5.6 పెట్టి మూడు మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకి ఫోకస్ చేయండి. మీటరున్నర నుంచి కనుచూపు మేర దాకా సరిపోతుంది. ఇంకా అనుమానంగా ఉంటే ఎఫ్/8.

వ్యూఫైండర్‌లో బ్లర్‌గా కనిపించింది, ఫొటోలో అన్నీ స్పష్టంగా వచ్చాయి. ఎందుకు?

మీది డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) అయితే మీరు చూస్తున్నంతసేపూ కంత పూర్తిగా తెరిచే ఉంటుంది, బటన్ నొక్కిన క్షణంలోనే మీరు చెప్పిన నంబరుకి ముడుచుకుంటుంది. చాలా కెమెరాల్లో లెన్సు పక్కన లోతు ముందే చూపించే చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే వ్యూఫైండర్ చీకటవుతుంది, అదే సరైన పని.

దీపావళి సీరియల్ బల్బులు వెనకాల గుండ్రంగా, పెద్ద పెద్దగా ఎలా తీస్తారు?

ఎఫ్/1.8, పిల్ల మీకు దగ్గర, బల్బులు పిల్లకి దూరం. డాబా మీద పిట్టగోడకి బల్బులు కట్టి, పిల్లని ఇవతల అయిదారు మీటర్లలో కూర్చోబెట్టి చేతిలో ప్రమిద పెట్టండి. ఎఫ్/4కి వస్తే ఆ వృత్తాలకి మూలలు తేలడం కనిపిస్తుంది, అవి రేకుల అంచులు. మనుషులు లేకుండా బల్బుల్నే నక్షత్రాల్లా తీయాలనుకుంటే స్టాండు మీద ఎఫ్/16. లెన్సులో ఏడు రేకులుంటే నక్షత్రానికి పద్నాలుగు కొమ్ములొస్తాయి, ఆరుంటే ఆరే. బేసి సంఖ్యకి రెట్టింపు, సరి సంఖ్యకి అంతే.

ఫోన్లో కూడా ఎఫ్/1.8 అని ఉంది. మరి కెమెరా దేనికి?

వెలుతురి విషయంలో ఆ అంకె నిజమే. కానీ ఫోన్ లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ ఆరేడు మిల్లీమీటర్లు. 1.8తో భాగించండి, కంత నాలుగు మిల్లీమీటర్ల లోపే. అందుకే మామూలు ఫొటోలో దాదాపు అన్నీ స్పష్టంగా ఉంటాయి. పోర్ట్రెయిట్ మోడ్‌లో వచ్చే బ్లర్ ఫోన్ లెక్కగట్టి పూసేది. అక్కడ జారించే ఎఫ్ నంబరు కూడా ఉత్తుత్తిదే, ఎక్కువ ఫోన్లలో లోపల ఏ రేకూ కదలదు. 2018లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్9 మాత్రం ఎఫ్/1.5, ఎఫ్/2.4 మధ్య నిజంగానే మారేది. ఫోన్ బ్లర్‌ని పట్టుకోవాలంటే జడలో మల్లెపూలు చూడండి, సగం పూలు గోడలో కలిసిపోతాయి. అలాగని ఫోన్ పనికిరాదనను. గ్రూప్ ఫొటోకి ఆ లోతే వరం, మా ఇంట్లో సగం గ్రూప్ ఫొటోలు ఫోన్‌తో తీసినవే.

బ్లర్ ఎంత ఉంటే అంత ప్రొఫెషనల్‌గా ఉంటుంది కదా? అన్నీ 1.8లోనే తీస్తే ఏం పోయింది?

నాకు ఇల్లు పోయింది. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి పెంకుటిల్లు అమ్మేసి ఆరేళ్ళయింది. మా పిల్లలు పాకిందీ, తొలి అడుగులు వేసిందీ ఆ మండువాలోనే. ఫొటోలు వందల కొద్దీ ఉన్నాయి, అన్నీ ఎఫ్/1.8వే. అప్పుడు నాకు కొత్త లెన్సు మోజు. ప్రతి ఫొటోలోనూ పిల్లల కనురెప్పలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, వెనకాల ఒక గోధుమరంగు ముద్ద. ఆ ముద్దలో ఊయల బల్ల ఉంది, గూట్లో దీపం ఉంది, స్తంభం పక్కన చేట పట్టుకుని బియ్యంలో రాళ్ళేరుతున్న అమ్మమ్మ ఉంది. అది నాకు తెలుసు కాబట్టి కనిపిస్తుంది. మా పిల్లలకి చూపిస్తే "ఆ వెనక మసకగా ఉన్నదెవరు?" అంటారు.

అందుకని ఊరెళ్ళినప్పుడు నేను ముందు రెండు ఫొటోలు ఎఫ్/8లో, 18 దగ్గర తీస్తాను. గది మొత్తం, వెనకున్న సామానంతా కనిపించేలా. ఆ తర్వాతే మొహాల దగ్గరికి వెళతాను. మీ ఇంట్లో గోడకి ఆరేసిన తువ్వాలు, ఫ్రిజ్ మీద మందుల డబ్బా ఫొటో పాడు చేస్తున్నాయని అనిపిస్తే తీసేయండి, సరే. కానీ వాటిని దాచడానికి 1.8 పెట్టేముందు ఒకసారి ఆలోచించుకోండి.

ఇంట్లోనే ప్రాక్టీస్ చేయాలంటే?

డైనింగ్ టేబుల్ మీద పోపుల డబ్బాలోని గిన్నెలు ఆరు తీసి, జానెడు దూరంలో ఒకదాని వెనక ఒకటి ఏటవాలుగా పెట్టండి. మూడోదాని మీద ఫోకస్. కెమెరా కదలకుండా పుస్తకాల మీద పెట్టి ఎఫ్/1.8 నుంచి ఎఫ్/16 దాకా ఒక్కో మెట్టు ఎక్కుతూ తీయండి. ఆవాలు ఎక్కడ ఆవాలుగా కనిపిస్తున్నాయో, ఎక్కడ నల్లటి మరకగా మారాయో చూడండి. పావుగంట పని. తర్వాత ఆ గిన్నెలు ఒలకకుండా మళ్ళీ డబ్బాలో సర్దడం మాత్రం మరవకండి, మినప్పప్పు మెంతుల్లో కలిసి మా ఇంట్లో ఒక పూట పెద్ద రభసే అయింది.

ఎఫ్ నంబరు బదులు 00 అనో, ఎఫ్ పక్కన రెండు గీతలో వస్తున్నాయి. ఏం చేయాలి?

లెన్సు సరిగ్గా కూర్చోలేదు. కానన్‌లో 00 అని, నికాన్‌లో గీతలని చూపిస్తుంది. కెమెరా ఆఫ్ చేసి, లెన్సు ఊడదీసి, వెనకున్న బంగారు రంగు చుక్కల్ని పొడి నూలుగుడ్డతో మెల్లగా తుడవండి. కెమెరా మూతి నేల వైపు ఉంచితే దుమ్ము లోపలికి పోదు. మళ్ళీ పెట్టి టిక్ మనే దాకా తిప్పండి. ఆ టిక్ వినపడకుండా వదిలేస్తే ఇదే మళ్ళీ వస్తుంది.